గడప బయటి అతిథి

కుక్కపిల్లకు కొన్నాళ్లు ఆశ్రయమిచ్చిన ఇంట్లో నమాజు చెల్లుతుందా? 2024 వరదల తరువాత ఈ ప్రశ్న మా ఇంట్లోనే తలెత్తింది. ఆ ఏడాది సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు గట్లకు గండ్లు పడి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలు నీట మునిగాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణానది 11.4 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించింది. మనుషులను పడవల్లో తరలించారు. మూగజీవాలకు మేడమెట్లు, పిట్టగోడలే దిక్కయ్యాయి. నీరు తీసిన తరువాత తల్లి కానరాని పిల్లలు కొన్ని మిగిలాయి. వాటిలో ఒకటి మా పెరట్లోకి వచ్చింది.

ధర్మం విషయం ముందుగా చూద్దాం. వేట, పశువుల మంద, పొలం కాపలా వంటి అవసరమేదీ లేకుండా కుక్కను పెంచుకునేవారి పుణ్యఫలం దినదినం తరుగుతుందని హదీసులు హెచ్చరిస్తున్నాయి. కుక్క ఉన్న ఇంట కారుణ్య దూతలు ప్రవేశించరనీ ఉంది. ఈ మాటలను తేలికగా తీసుకోరాదు. అయితే దాహంతో బురద నాకుతున్న కుక్కకు మోజాతో నీరు తోడి త్రాపిన మనిషిని అల్లాహ్ క్షమించాడని తెలిపినవారు కూడా ఆ దైవప్రవక్తే (సల్లం). కహఫ్ సూరాలో గుహవాసుల కుక్క గుమ్మం దగ్గర ముందుకాళ్లు చాపుకుని ఉన్న సంగతి మన పిల్లలు ప్రతి శుక్రవారం చదువుతూనే ఉంటారు. ఆ కుక్క ఉన్న చోటు గుమ్మం అన్నది మాకు ఎంతో ఉపకరించింది. ముచ్చట కోసం పెంచుకోవడం వేరు, ఆపదలో ఉన్న ప్రాణిని తగిన చోటు దొరికేవరకు కాపాడటం వేరు అని మా అభిప్రాయం. సందేహమున్నవారు తమ మసీదు ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు.

శుద్ధి విషయంలో ధర్మవేత్తల అభిప్రాయాలు ఒకటి కావు. మనలో అధికులు అనుసరించే హనఫీ మార్గంలో కుక్క లాలాజలం అశుద్ధం, పొడి వెంట్రుకలు తగిలినంతనే బట్టలు అశుద్ధం కావు. షాఫయీ పండితులు దేహమంతటినీ అశుద్ధంగానే పరిగణిస్తారు. మాలికీలు ప్రాణమున్న కుక్క శుద్ధమైనదే అంటారు. కుక్క మూతిపెట్టిన పాత్రను ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగాలన్న ఆదేశం ప్రసిద్ధమే. కనుక దానికి విడిగా ఒక సత్తు గిన్నె కేటాయించాము. పెరట్లో, మోటారు గది పక్కన రేకుల పంచ కింద దాని చోటు. నమాజు బట్టలతో అటు వెళ్లరాదన్నది దాదీ శాసనం.

వీధిలో ఒంటరిగా కనిపించిన ప్రతి పిల్లా అనాథ కాదు. తల్లి మేత వెతుక్కుంటూ వెళ్లి ఉండవచ్చు. కొన్ని గంటలు దూరం నుంచి గమనించకుండా ఎత్తుకు రావడం మేలు కాదు, అపకారం. మా దగ్గరికి వచ్చినదాని తల్లి రెండు రోజులైనా రాలేదు.

అది మహా బెదురు జీవి. గ్యాస్ సిలిండర్ వెనక దూరి, దీపాలార్పితే గానీ తిండి ముట్టేది కాదు. కూరగాయల బండి మైకు వినబడితే ఒళ్లంతా వణుకు. తోక కాళ్ల మధ్య ముడవడం, చెవులు వెనక్కి వాల్చడం, ముఖం పక్కకు తిప్పుకుని పెదవులు నాకడం భయానికి గుర్తులు. అలాంటప్పుడు బయటికి లాగి ఒళ్లో పెట్టుకుని ముద్దు చేస్తే దాని భయం ముదురుతుంది. పిల్లలకు మేము ఒకే పని అప్పగించాము. రోజుకు రెండుసార్లు, దూరంగా, దానివైపు చూడకుండా పక్కకు తిరిగి కూర్చోవడం, ఉప్పులేని ఉడికిన కోడిమాంసం ముక్క ఒకటి మధ్యలో వేయడం, అంతే. అల్లరి పిల్లలకు ఇది పెద్ద పరీక్ష! పదో రోజున అది తనంతట తానే వచ్చి చిన్నవాడి చెప్పు వాసన చూసింది. తలమీద చేయి వేయబోయిన వాణ్ణి అక్క వారించి, గడ్డం కింద నిమరాలని చూపించింది. తరువాత ఇద్దరూ వెళ్లి చేతులు కడుక్కున్నారు. పేరు పెట్టవద్దన్నాము. అప్పటికే 'బుడ్డోడు' అయిపోయాడు.

తిండి విషయంలో జాలి ఒక్కటే చాలదు. గేదెపాలు కుక్కపిల్లలకు సాధారణంగా పడవు, విరేచనాలవుతాయి. మిగిలిన బిర్యానీ అసలే పెట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి వాటి రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఉడికిన ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ముందుగా పశువైద్యునికి చూపి నులిపురుగుల మందు వేయించాలి. మూడు నెలల వయసులో రేబిస్ టీకా తప్పనిసరి. అంతకుముందైనా, ఆ తరువాతైనా కరిచినా, గీరినా గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం, సున్నం అద్దడం ప్రాణాంతకమైన కాలయాపన.

శాశ్వత ఇల్లు వెతకడంలో హదీసులోని మినహాయింపే మాకు దారి చూపింది. మన డెల్టాలో పశువుల పాకలకు, కైకలూరు వైపు చేపల చెరువుల గట్లకు, గొర్రెల మందలకు కుక్క అవసరమే. అడిగినవారు లేకపోలేదు. ఒకరు గొలుసుతో కట్టేస్తామన్నారు, మరొకరు పిల్లాడి పుట్టినరోజు కానుకగా కావాలన్నారు. ఇద్దరికీ మర్యాదగానే కాదన్నాము. చివరకు ఉయ్యూరు దగ్గర గేదెల పాక ఉన్న ఒక రైతు వచ్చాడు. మొదటిసారి బుడ్డోడు ఆయనకు కనిపించనేలేదు. మూడోసారి వచ్చినప్పుడు ఆయన చేతిలోని ముక్క తిన్నాడు. టీకాలు వేయిస్తానని, ఈడు వచ్చాక పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయిస్తానని ఆయన మాట ఇచ్చాడు.

"కొత్త చోట మళ్లీ దాక్కుంటాడు బాబూ, లాగవద్దు. వాడే వస్తాడు" అన్నారు దాదీ. ఇన్నాళ్లూ వాణ్ణి ఒక్కసారైనా ముట్టుకోలేదామె.

"అట్లాగేనమ్మా" అన్నాడాయన. వాడు పడుకున్న పాత తువాలును సంచిలో పరిచాడు, ఆ వాసన తోడుంటే బెదురు తగ్గుతుందని. దాదీ సత్తు గిన్నె కూడా తెచ్చి సంచి పక్కన పెట్టారు.