దారిలో చుట్టాలు

తిరుపతి దారిలో చెకింగ్ కనబడగానే వైట్ బోర్డు ఎర్టిగా డ్రైవరు వెనక్కి తిరిగి, "ఎవరన్నా అడిగితే మనమంతా చుట్టాలమని చెప్పండి సార్" అంటాడు. వెనక కూర్చున్నవాళ్లూ తలూపుతారు. పెళ్లిళ్ల సీజన్లో ఈ చుట్టరికాలు మరీ ఎక్కువ. పోలీసు దగ్గర ఆ మాట చెల్లితే చెల్లొచ్చు. యాక్సిడెంట్ అయ్యాక వచ్చే ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర చెల్లదు. కిరాయి డబ్బు ఫోన్‌పేలో పడి ఉంటుంది. ఆసుపత్రిలో ఉన్నవాళ్లు జరిగింది జరిగినట్టు చెప్పేస్తారు.

సొంత కారు పాలసీలో 'లిమిటేషన్స్ యాజ్ టు యూజ్' అని ఒక పేరా ఉంటుంది. కిరాయికి తిప్పినా, సరుకు మోసినా, పందేల్లో పరుగెత్తించినా పాలసీ వర్తించదని దాని సారాంశం. మన వ్యాపారం పని మీద మనం తిరిగితే ఇబ్బంది లేదు. మెడికల్ రెప్ డిక్కీలో శాంపిళ్లు వేసుకుని ఊళ్లన్నీ తిరగొచ్చు. అదే డిక్కీలో షాపులకు మందుల కార్టన్లు వేస్తే అది సరుకు కిందికి వస్తుంది. ఈ సంగతి అమ్మేటప్పుడు ఏజెంటు ఎత్తడు. ఎత్తితే ప్రీమియం పెరుగుతుంది, బేరం పోతుంది. కొన్నవాళ్లు వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ తెరిచి కూడా చూడరు.

పోనీ, టాక్సీగా మార్చకుండా తిప్పితే మిగిలేదెంత? 1,200 సీసీ లోపు డిజైర్ సంగతే చూద్దాం. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్లలో సొంత కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు. టాక్సీకి 7,940, పైగా నలుగురు ప్రయాణికులకు తలా 978. పన్ను కాకుండా తేడా ఎనిమిదిన్నర వేల లోపే. అసలు జనం తప్పించుకునేది దీన్ని కాదు, పర్మిట్‌నీ, ఫిట్‌నెస్‌నీ, ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగడాన్నీ. నెలకు రెండు కిరాయిలు దొరికేవాడికీ రోజంతా తిరిగే టాక్సీకీ ఒకే నిబంధనలు పెట్టిన ప్రభుత్వానికి ఇందులో సగం వాటా ఉందనే నేనంటాను.

సొంత కారు కిరాయికి వెళ్లి దెబ్బతిన్నా క్లెయిమును పూర్తిగా తోసిపుచ్చకూడదని 2010లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పి, కొంత సొమ్ము ఇప్పించింది. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లున్నారు. అంతదాకా పోరాడే ఓపిక ఎందరికుంటుంది? పైగా అది మన కారు రిపేరు సంగతి. మన కారు గుద్ది మనిషి పోతే లెక్క లక్షల్లో ఉంటుంది. పాలసీ షరతు తప్పిన కేసుల్లో, బాధితులకు ముందు కంపెనీ చేత ఇప్పించి, తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోమని కోర్టులు ఎన్నోసార్లు ఆదేశించాయి. ఈఎంఐ కట్టలేక కారును కిరాయికి పెట్టినవాడు అంత సొమ్ము ఎక్కడ తెస్తాడు?

కాబట్టి కిరాయికి తిప్పాలనుకుంటే ముందు ఎల్లో బోర్డుకు మార్పించండి, ఆ వెంటనే పాలసీ మార్పించండి. జీతానికి డ్రైవరును పెట్టుకుని ఉంటే అతని పేరున కట్టే అదనపు కవరు ఉందో లేదో కూడా చూడండి. దాని ఖరీదు ఏడాదికి 50 రూపాయలు.