సరదా కూడా మన హక్కే: హామ్ రేడియో గురించి కాస్త పెద్ద పోస్టు



పోస్టు పెద్దగా ఉంటది, తీరిక ఉన్నప్పుడు చదవండి. మన గ్రూపులో ఎప్పుడూ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పులు, పోడు పట్టాలు, జీవో 3, హాస్టల్ సమస్యలు, ఇవే మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాల్సిందే, కాదనను. కానీ ఇవాళ ఒక హాబీ గురించి రాస్తున్న. "ఇప్పుడు హాబీలెందుకన్నా" అని కొందరు అంటారని తెలుసు. ఆ ప్రశ్న కోసమే ఈ పోస్టు.

మన పిల్లలకు ఏది నేర్పినా మొదటి మాట "ఉద్యోగం వస్తదా?" అనే. లేకపోతే అది ఏదో స్కీము కింద రావాలి. టౌన్ పిల్లలకు గిటార్, డ్రోన్, కెమెరా, రోబోటిక్స్ క్లబ్బు. మనకు బియ్యం, దుప్పట్లు, కోచింగ్. సరదాగా ఒక పని నేర్చుకుని, దాంట్లో మునిగిపోయే హక్కు మనకు లేదన్నట్టే అందరూ చూస్తారు. మనం కూడా అట్లనే అనుకోవడం మొదలుపెట్టినం. నేను చెప్పేది ఒకటే: హామ్ రేడియోను మన స్టూడెంట్స్ సరదా కోసమే పట్టుకోవాలి, లైసెన్సుతోనే పట్టుకోవాలి, మన గురుకులాల్లో దానికో గది ఉండాలి.

హామ్ రేడియో అంటే తెలియని వాళ్లకు రెండు ముక్కలు. దీన్నే అమెచ్యూర్ రేడియో అంటారు. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, మన సొంత వైర్‌లెస్ సెట్టుతో వేరే లైసెన్సుదారులతో మాట్లాడటం. టవర్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు, రీచార్జ్ అక్కర్లేదు. ప్రతి ఒక్కరికీ ప్రపంచంలో ఇంకెవరికీ లేని ఒక కాల్‌సైన్ ఇస్తారు, మన దేశంలో ఎక్కువగా వీయూ2, వీయూ3 అని మొదలయ్యేవి. మన దేశంలో ఇది 1921 నుంచే ఉంది. ప్రధానిగా చేసిన రాజీవ్ గాంధీకి కూడా కాల్‌సైన్ ఉండేది, వీయూ2ఆర్‌జీ. ఇంతకాలంగా ఉన్నా మన గూడేల దాకా రాలేదు. వినే రేడియో వచ్చింది. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండి కార్యక్రమాలు మన పెద్దోళ్లు విన్నారు. మాట్లాడే రేడియో మాత్రం పోలీసుల భుజం మీద, ఫారెస్టోళ్ల జీపులోనే చూసినం.

అసలు మజా ఏందంటే, ఈ హాబీ మన కొండలకు భలే సరిపోతది. ఫోన్ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కడం, చెట్టెక్కడం మనకు కొత్త కాదు. కరోనా టైంలో ఆన్‌లైన్ క్లాసుల కోసం ఎంతమంది బండల మీద కూర్చున్నారో మీకే తెలుసు. కొండ అడ్డొస్తే సిగ్నల్ ఆగిపోతది. హామ్ రేడియోలో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య వాడే చేతి సెట్లకూ ఇదే బాధ. అవి కంటిచూపు దారిలోనే పోతాయి. లోయలో నిలబడితే పక్క ఊరికి కూడా అందదు. అదే సెట్టు పట్టుకుని గుట్ట మీదికి పోతే పదుల కిలోమీటర్లు పోతది. అందుకే ప్రపంచమంతా హామ్‌లు కొండలెక్కుతారు. కొండ శిఖరం మీద నుంచి మాట్లాడితే పాయింట్లు ఇచ్చే ఒక ఆట 2002లో బ్రిటన్‌లో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో ఆడుతున్నారు. వాళ్లు సెలవు పెట్టి, కారు నడుపుకుంటూ పోయి ఎక్కే కొండలు మనకు ఇంటి వెనకే ఉన్నాయి.

ఇంకో విద్య ఉంది, అది ఇంకా బాగుంటది. 7 మెగాహెర్ట్జ్ బ్యాండు, 40 మీటర్ల బ్యాండ్ అంటారు. మన నెత్తి మీద వందల కిలోమీటర్ల ఎత్తు దాకా అయనోస్ఫియర్ అని ఒక పొర ఉంటది. ఎండ వల్ల అక్కడి గాలికి విద్యుదావేశం వస్తది. ఈ బ్యాండులో తీగను మరీ ఎత్తుగా కాకుండా నాలుగైదు మీటర్ల ఎత్తున కడితే, సిగ్నల్ చాలావరకు నేరుగా పైకి పోయి, ఆ పొరకు తగిలి, గొడుగు పట్టినట్టు చుట్టూ కిందికి దిగుతది. నీళ్ల పైపు మొన ఆకాశానికి పెడితే నీళ్లు మన చుట్టే పడతాయి చూడండి, అట్లా. పైనుంచి దిగే సిగ్నల్‌కు కొండ అడ్డం కాదు, లోయ అడ్డం కాదు. పగటిపూట రెండు మూడు వందల కిలోమీటర్ల లోపల బాగా పనిచేస్తది. రాత్రయితే ఆ పొర తీరు మారుతది, దగ్గరి వాళ్లు వినపడరు, దూరపు వాళ్లు పలుకుతారు. ఎండను, పొద్దును, వానను చూసి పని చేసుకునే మనుషులకు ఈ లెక్క అర్థం కావడానికి ఎంతసేపు?

ఆ తీగ సంగతి కూడా చెప్తా. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తీగ పొడవు మీటర్లలో వస్తది. 7.1 మెగాహెర్ట్జ్‌కు దాదాపు 20 మీటర్లు. మధ్యలో కోసి, రెండు ముక్కలకు సెట్టు నుంచి వచ్చే కేబుల్ కలిపి, ఒక కొస ఇప్పచెట్టుకు, ఒక కొస చింతచెట్టుకు కడితే యాంటెన్నా తయారు. చెట్టు మీదుగా తాడు వేయడానికి విదేశాల్లో హామ్‌లు దేన్ని వాడతారో తెలుసా? గులేరు! కొన్నిచోట్ల ఉండేలు అంటాం కదా, అదే. దానికోసం వాళ్లు ప్రాక్టీస్ చేస్తారు. మన పిల్లలకు ఆ ఒక్క సబ్జెక్టులో వందకు వంద.

సెట్టు సంగతి. కొత్త పెద్ద సెట్టు కొనాలంటే వేలల్లో పెట్టాలి, అందులో దాపరికం లేదు. కానీ ఈ హాబీలో సగం ఆనందం సొంతంగా తయారుచేసుకోవడంలోనే ఉంది. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ అనే హామ్, బిట్ఎక్స్ అని ఒక సెట్టు డిజైన్ చేసి, అందరూ వాడుకోవచ్చని ఊరికే ఇచ్చేశాడు. మామూలు ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే సామాన్లతో అయ్యేట్టు చేశాడు. కాయిల్స్ చుట్టడానికి కుళాయి వాషర్లు వాడాడు! ఆ డిజైన్‌ను చూసి ప్రపంచమంతా ఎంతోమంది తమ సెట్లు తాము కట్టుకున్నారు. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే ఇది అందని పండేమీ కాదు.

హాస్టల్లో ఉంటే ఏం చేయాలి అంటారా? అక్కడ తీగ కట్టనివ్వరు, సెట్టు పెట్టనివ్వరు. కానీ ఫోనులో వెబ్ఎస్‌డీఆర్ అని వెతకండి. నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీ వాళ్ల రిసీవర్‌ను నెట్ ద్వారా మనమే తిప్పుకుంటూ, అక్కడికి వినపడే హామ్‌ల మాటలు వినొచ్చు. ఖర్చు డేటా ఒక్కటే. వారం రోజులు వింటే ఎట్లా పిలుస్తారు, ఎట్లా జవాబిస్తారు అన్నది చెవికి పడుతది. సెలవులకు ఊరొచ్చినప్పుడు ఇప్పచెట్టు, చింతచెట్టు ఉండనే ఉన్నాయి. ప్రయాణంలో అయితే ఆ 20 మీటర్ల తీగ చుట్టచుట్టి స్కూల్ బ్యాగులో పడుతది. ఘాట్ రోడ్డులో బండి ఆపి, గుట్ట మీద గంటసేపు కూర్చుని, ఎవరో తెలియని మనిషి మన కాల్‌సైన్ తిరిగి పలికితే ఆ సంతోషం వేరు. బయట వేరే చోటు నుంచి మాట్లాడటానికి నియమాలు ఉంటాయి, లైసెన్సులో ఏం రాసి ఉందో చూసుకునే పోవాలి. మాట్లాడిన గుర్తుగా పోస్టులో కార్డులు పంపుకుంటారు. జపాన్ నుంచి ఒక కార్డు మన గూడెం పేరు రాసుకుని వస్తే పోస్టుమ్యాన్ కూడా ఆశ్చర్యపోవాల్సిందే.

ఇక్కడ ఒక సంగతి మనవాళ్లకు తప్పక చెప్పాలి. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ సీ6 రాకెట్‌లో హామ్‌శాట్ అని 42.5 కిలోల ఉపగ్రహం పోయింది. అచ్చంగా హామ్‌ల కోసమే ఇస్రో చేసింది. 2014 దాకా పనిచేసింది, ఎన్నో దేశాలవాళ్లు దాని ద్వారా మాట్లాడుకున్నారు. శ్రీహరికోట ఎవరిది? రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవి యానాదులది. వాళ్ల నేల మీద నుంచి హామ్‌ల ఉపగ్రహం ఎగిరింది. యానాది పిల్లల్లో ఎంతమందికి హామ్ కాల్‌సైన్ ఉందో మనలో ఎవరైనా చెప్పగలరా? ఆ రాకెట్‌ను తప్పుపట్టడం లేదు. మన నేల మీద నుంచి పైకి పోయిన వస్తువును వాడుకునే దగ్గర కూడా మనం ఉండాలి అంటున్న, అంతే.

ఇప్పుడు మీ ప్రశ్నలకు వస్తా.

"ఫోన్లు ఉండగా ఇదెందుకు?" చేపలు మార్కెట్లో దొరుకుతాయి, అయినా వాగులో గాలం వేసుకుని కూర్చుంటాం కదా! అదే జవాబు. ఫోనులో తెలిసిన మనిషికే చేస్తాం. ఇక్కడ ఎవరు పలుకుతారో తెలియదు.

"ఉద్యోగం వస్తదా?" హామ్ లైసెన్సు చూపిస్తే ఉద్యోగం ఇస్తారని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ ఫిజిక్స్‌లో తరంగాలు, ఎలక్ట్రానిక్స్‌లో సర్క్యూట్లు బట్టీ పట్టేవాళ్లకూ, తీగ కట్టి చూసినవాళ్లకూ తేడా ఉంటది. 1993లో ఫిజిక్స్ నోబెల్ తీసుకున్న జోసెఫ్ టేలర్ చిన్నప్పటి నుంచే హామ్. సరదాతో మొదలైంది ఎక్కడికి పోతదో ముందే లెక్క వేయలేం.

"విపత్తుల్లో పనికొస్తది కదా, అట్లా చెప్పి అడగొచ్చు కదా?" నిజమే, పనికొస్తది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు భారతి ప్రసాద్ అనే హామ్ తన బృందంతో పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నారు. సరదాగా హామ్ స్టేషన్ నడపడానికి పోయినవాళ్లు, ఫోన్లు చచ్చిపోయిన ఆ దీవుల నుంచి మనుషుల క్షేమ సమాచారం బయటికి పంపారు. పశ్చిమ బెంగాల్ హామ్‌లు గంగాసాగర్ మేళాలో తప్పిపోయిన వాళ్లను ఇంటికి చేరుస్తుంటారు. మేడారం జాతరలో మనవాళ్లు ఎంతమంది తప్పిపోయి ఏడుస్తుంటారో చూస్తూనే ఉన్నాం, అక్కడ లైసెన్సున్న ఆదివాసీ పిల్లలు ఇరవై మంది నిలబడితే ఎంత బాగుంటది! కానీ నాకు ఒక భయం ఉంది. విపత్తు పేరు చెప్పి అడిగితే, మన పిల్లలను మళ్లీ ఉచిత సేవకుల లెక్కనే చూస్తారు. అంబులెన్సు రాని ఊరికి రోడ్డు వేయాలి, టవర్ లేని ఊరికి టవర్ వేయాలి. డోలీ మోతలకు హామ్ రేడియో జవాబు కాదు. ఆ బాధ్యత ప్రభుత్వానిది, ఒక పిల్లోడి హాబీ మీద దాన్ని వేయకూడదు. పోర్ట్ బ్లెయిర్‌లో చూడండి, సరదా ముందు వచ్చింది, సేవ దాని వెనక వచ్చింది.

చివరి ప్రశ్న అందరికంటే ముఖ్యం: "మనోడి చేతిలో వైర్‌లెస్ సెట్టు చూస్తే ఏమనుకుంటారు?" ఏమనుకుంటారో ఏజెన్సీలో పుట్టిన ఎవరికీ చెప్పక్కర్లేదు. టౌన్‌లో అదే సెట్టు పట్టుకుంటే "సైన్సు పిల్లోడు" అంటారు. అడవి అంచున మనం పట్టుకుంటే వేరే పేరు పెడతారు. అందుకే దండం పెట్టి చెప్తున్న, లైసెన్సు లేకుండా ఆన్‌లైన్‌లో చవకగా దొరికిందని వాకీటాకీ కొనకండి. అది నేరం. అనుమతి లేని సెట్ల అమ్మకం మీద 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ సైట్లకు నిబంధనలు కూడా పెట్టింది. ముందు పరీక్ష, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే సెట్టు. వ్యాపారం మాటలు, రహస్య కోడ్ మాటలు రేడియోలో కుదరవు. ఎవరైనా వినొచ్చు, దాచడానికి ఏమీ ఉండదు, అదే మనకు రక్ష.

పరీక్ష పెట్టేది కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. 12 ఏళ్లు నిండితే రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులు. రిస్ట్రిక్టెడ్‌కు రేడియో థియరీ, నియమాలు చదివితే చాలు, జనరల్‌కు మోర్స్ కోడ్ కూడా రావాలి. దరఖాస్తు సరల్ సంచార్ పోర్టల్‌లో. ఫీజులు, నియమాలు మారుతుంటాయి కాబట్టి అక్కడే చూసుకుని వేయండి. హైదరాబాద్ సోమాజిగూడలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, 1983 నుంచి పనిచేస్తోంది. సిటీలో చదివే మనవాళ్లు నలుగురు కలిసి ఒకసారి పోయి రండి.

మనం అడగాల్సింది కూడా ఒకటుంది. లైసెన్సు వ్యక్తులకే కాదు, క్లబ్బులకు, విద్యాసంస్థలకు కూడా ఇస్తారు. ఐటీడీఏలు ఒక్కో ఏజెన్సీలో ఒక్క గురుకులంలోనైనా, ఏకలవ్య స్కూల్లోనైనా క్లబ్ స్టేషన్ పెట్టాలి. స్కూల్ పేరు మీద లైసెన్సు గోడకు ఉంటే ఏ పిల్లోడూ ఒంటరిగా జవాబు చెప్పుకునే పని పడదు. ఒక సెట్టు, ఒక బ్యాటరీ, 20 మీటర్ల తీగ, వారానికి రెండు గంటలు. ఒక సైన్స్ ఫెయిర్‌కు కట్టే ఫ్లెక్సీల ముందు ఇదేం పెద్ద ఖర్చు కాదు. చదివే పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. తెలుగులో నోట్సు రాయడానికి ఈ గ్రూపులో ఈసీఈ, ఫిజిక్స్ చదివినవాళ్లు ముందుకు రావాలి.

ఉట్నూరులో ఒక చెల్లె, గడ్చిరోలిలో ఒక దాదా, బస్తర్‌లో ఒక అన్న 40 మీటర్ల బ్యాండులో గోండిలో పలకరించుకుంటే ఎట్లుంటది? మధ్యలో మూడు రాష్ట్రాల సరిహద్దులు ఉన్నాయి, పైన అయనోస్ఫియర్‌కు ఏ సరిహద్దూ లేదు. తల్లిభాష రహస్య కోడ్ కాదు. దాన్ని గాలిలో వినిపించడానికి సిగ్గు పడాల్సిన పనీ లేదు.

రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ రాద్దామనుకునేవాళ్లు కింద కామెంట్‌లో "రాస్తా" అని, మీ జిల్లా పేరు పెట్టండి. పదిమంది అయితే సిలబస్ పంచుకుని చదువుదాం. నా వాదన తప్పనిపిస్తే అది కూడా రాయండి, చర్చ చేద్దాం.

జోహార్.