కుదుళ్ల కబుర్లు

మొన్న చిక్కడపల్లి గ్రంథాలయం దగ్గర మా పాత శిష్యుడొకడు కనిపించాడు. అశోక్‌నగర్‌లో గది తీసుకుని ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాడు.

"జుట్టంతా దువ్వెనకే వస్తోంది సార్! నారాయణగూడలో ఎవరో గ్రోత్ ఫాక్టర్ల మందు ఇస్తారట. ఇంటినుంచి వచ్చిన డబ్బు పెట్టి కొననా?" అన్నాడు.

ఆ మాట సంగతి చెప్పాను. వెంట్రుకల కుదుళ్లు తల్లి కడుపులోనే ఏర్పడతాయి. పైచర్మమూ లోపలి చర్మమూ ఒకదానికొకటి రసాయనాలతో కబుర్లు పంపుకుంటేనే కుదురు తయారవుతుంది. ఆ కబుర్లు మోసేవాటిలో గ్రోత్ ఫాక్టర్లు ముఖ్యమైనవి. ఇలాంటివి ఉన్నాయని కనిపెట్టినందుకే స్టాన్లీ కోహెన్, రీటా లెవీ మోంటాల్చీనీలకు 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే పేరు చూసి అన్నీ జుట్టు పెంచేవే అనుకోరాదు. ఎఫ్‌జీఎఫ్-5 అనేది "ఇక చాలు, ఆగు" అని చెప్పేది. అది లోపించిన ఎలుకలకు బొచ్చు మరీ పొడుగ్గా పెరుగుతుందని 1994లో తేలింది.

తలమీద కుదుళ్లు సుమారు లక్ష. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. పెద్ద జ్వరమో, దిగులో తగిలితే చాలా కుదుళ్లు ఒక్కసారిగా విశ్రాంతికి పోతాయి. రెండు మూడు నెలలకు జుట్టు రాలుతుంది. కాని కుదురు చావదు. కారణం తీరితే సాధారణంగా మళ్లీ మొలుస్తుంది.

"మూడు నెలల కిందట ఏం జరిగిందోయ్?" అన్నాను.

వాడు తల వంచుకున్నాడు. "టైఫాయిడ్ సార్. ఇంట్లో చెప్పలేదు."

"అయితే ముందు చర్మవైద్యునికి చూపించు. ఆ డబ్బుతో వేళకు కడుపునిండా తిను. ఈ రాత్రే అమ్మకు ఫోన్ చెయ్యి."

చేశాడట. మర్నాడే ఆవిడ బస్సెక్కి వచ్చేసింది.