ఇదేం బొమ్మ అని అడిగే ముందు

కవిత్వం గురించి, నాటకం గురించి, సినిమా గురించి గంటల తరబడి వాదించుకునే మన విద్యార్థిలోకం చిత్రకళ దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాటతో సరిపెట్టుకుంటుంది: "గిదేం బొమ్మ? సమజ్ గాలే!" అంతటితో చర్చ ముగుస్తుంది. నిజానికి చర్చ మొదలు కావలసింది అక్కడే.

ఒక తరహా ఆధునిక నీటిరంగు చిత్రాల ముందు ఈ మాట మరీ ఎక్కువగా వినిపిస్తుంది. కాగితం మీద ఒక స్త్రీ ముఖం కనిపిస్తుంది. జుట్టు దగ్గరికి వచ్చేసరికి అది జుట్టో, చెట్టు కొమ్మో, మబ్బో తెలియదు. భుజం కిందికి దిగి కేవలం ఒక నీలిమరక అయిపోతుంది. ఇది పూర్తిగా రూపచిత్రమూ కాదు, పూర్తిగా నైరూప్యమూ కాదు. కల మాదిరిగా ఉంటుంది. కలలో అమ్మ ముఖం స్పష్టంగానే ఉంటుంది, ఆమె నిలబడిన వాకిలి మాత్రం మన ఇంటిది కాదు. అంతమాత్రాన పొద్దున లేచి "ఈ కల తప్పు" అని ఎవరమైనా అంటామా?

ఈ గుణం నీటిరంగులకు సహజంగా అబ్బింది. తైలవర్ణాల్లో ఒక రంగు మీద ఇంకో రంగు దట్టంగా పూసి తప్పు దిద్దుకోవచ్చు. నీటిరంగుల్లో ఆ వీలు తక్కువ. అక్కడ కాగితం తెలుపే వెలుగు. తడి కాగితం మీద రంగు పెడితే అది అంచు దాటి తన దారిన తాను పాకుతుంది. దాన్ని ఎంతవరకు పోనివ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నదే చిత్రకారుని విద్య. 1903లో కలకత్తాకు వచ్చిన జపాన్ చిత్రకారులు తైకాన్, షున్సోల సాహచర్యంలో అవనీంద్రనాథ ఠాగూర్ వాష్ పద్ధతిని రూపొందించుకున్నారు. ఆయన అన్న గగనేంద్రనాథ్ 1920ల్లో వెలుగునీడల పలకలుగా విరిగిన మెట్లను, మేడలను, వాటి మధ్య మనుషులను చిత్రించారు. 1922 డిసెంబరులో కలకత్తాలోనే జర్మనీ బౌహౌస్ కళాకారుల ప్రదర్శన జరిగింది. కాండిన్‌స్కీ, క్లే చిత్రాలను మన దేశం వారు అక్కడ కళ్లారా చూశారు. అంటే ఈ దారికి వందేళ్ల వయస్సు దాటింది. ఇంకా దీన్ని కొత్త ఫ్యాషన్ అనడం న్యాయం కాదు.

"అయితే ఇది పరాయిది గదా" అంటారు కొందరు. నాకు అట్లా తోచదు. మా మోతె ప్రాంతంలో ఏ ఊరికి పోయినా పొద్దున్నే వాకిట్లో ముగ్గు కనిపిస్తుంది. చుక్కల నడుమ పద్మం ఉంటుంది, కాని అది చెరువులోని పద్మం కాదు. దాన్ని వేసిన అవ్వను "ఇదేం పువ్వు?" అని ఎవరూ నిలదీయరు. ఊరి చివర ముత్యాలమ్మను చూడండి. ఒక రాయి. దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, రెండు కళ్లు అతికిస్తే తల్లి అయింది. రాయి రాయిగానే ఉంది, ముఖం ముఖంగానే ఉంది. రూపమూ నైరూప్యమూ కలిసి ఉండటం మనకు ఇంతకన్నా బాగా ఎవరు నేర్పుతారు? చదువుకోని అవ్వకు అర్థమైనది డిగ్రీలు చదువుతున్న మనకు కాలేదంటే, లోపం కంటిది కాదు, అలవాటుది.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. 1946 నుంచి 1951 దాకా రైతాంగ సాయుధ పోరాటం సాగిన గడ్డ మనది. ఇక్కడ కలల బొమ్మలెందుకు, అది బాధ్యత నుంచి తప్పించుకోవడం కాదా అని అడిగే మిత్రులున్నారు. ప్రశ్న గౌరవించదగినదే. బి. నర్సింగరావు 1983లో తీసిన 'రంగుల కల'లో చిత్రకారుణ్ణి వేధించేది కూడా ఈ ప్రశ్నే: నా బొమ్మ ఎవరి కోసం? కాని జవాబు నినాదంలోనే ఉండాలని ఏముంది? మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్‌ను తీసుకోండి. హైదరాబాదులో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకొని వచ్చి, ఆయన గీసింది తన ఊరినే. పల్లె ఆడవాళ్లు, మగవాళ్లు, మేకలు, చెట్లు. ఆయన గీతలో మనిషి ఒళ్లు ఎక్కడ ముగిసి చెట్టు ఎక్కడ మొదలైందో కొన్ని చిత్రాల్లో చెప్పడం కష్టం. అక్కడ నినాదం లేదు. అయినా ఆ ముఖాల్లో తెలంగాణ పల్లె మనిషి దాచుకున్న కోరిక, భయం, మొండితనం ఉన్నాయి. మనిషికి భూమి ఎంత అవసరమో, తన లోపలి బతుకును ఎవరో ఒకరు చూసి గుర్తించడం కూడా అంత అవసరమే కాదూ?

అట్లాగని అలికిన ప్రతి కాగితాన్నీ కళ అనమని నేననడం లేదు. రూపం గీయడం చేతగాక పొగమంచులో దాక్కునే వాళ్లూ ఉన్నారు. తేడా కనిపెట్టడానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటుంది. ఆ ముఖాన్ని చేత్తో మూసి చూడండి, మిగిలిన రంగులు వెలవెలబోవాలె. రంగులను మరిచి ముఖాన్నే చూడండి, అది ఒంటరిదై పోవాలె. ఒకటి లేకపోయినా రెండోది హాయిగా నిలబడితే ఆ రెండూ కలవలేదన్నమాట. ఈ పరీక్షకు పుస్తకాలు అక్కర్లేదు, ఒక బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడే ఓపిక చాలు.

ఆ పది నిమిషాలు మన కళాశాలలు ఇస్తున్నాయా? రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఒక కుర్రవాడి ప్రతిభను గుర్తించి ప్రోత్సహించి బొంబాయి జె.జె. స్కూలుకు పంపారు. ఆ కుర్రవాడే దామెర్ల రామారావు. 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే కన్నుమూసినా, ఆంధ్ర చిత్రకళకు ఒక దారి వేసిపోయాడు. అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. వాళ్లిద్దరికీ మొదట దొరికింది డబ్బు కాదు, తమ బొమ్మను శ్రద్ధగా చూసిన ఒక మనిషి.

మన విద్యార్థి సంఘం క్రికెట్ పోటీలకు, వార్షికోత్సవపు ఆర్కెస్ట్రాకు ఖర్చు పెడుతుంది, పెట్టవలసిందే. దానిలో కొంత తీసి ఏటా ఒక బస్సులో విద్యార్థులను హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి, మాదాపూర్ స్టేట్ గ్యాలరీకి తీసుకుపోలేదా? లైబ్రరీలో ఒక గోడను మన విద్యార్థుల బొమ్మలకు కేటాయించలేదా? అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు తలా ఒక చెయ్యి వేస్తే ఇదేమంత కష్టం కాదు. ఆ గోడ ముందు నిలబడి "ఇదేం బొమ్మ?" అని అడగండి. అడగడం మంచిదే. కాని అడిగి వెంటనే వెళ్లిపోకండి, కాసేపు నిలబడండి.