ఎం.ఎస్. చదువు – ఎకరాల లెక్క

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. ఆ సామెత తెలియని విద్యార్థి మన కాలేజీలో లేడు. ఐనా కొండలెక్కే ఉత్సాహం తగ్గలేదు, తగ్గాలని నేనూ కోరడం లేదు. నెల్లూరు సముద్రతీరం పొడవునా, కావలి మొదలు ముత్తుకూరు దాకా, డిగ్రీ చదివే ఎవర్ని కదిలించినా రెండో మాటగా వచ్చేది ‘ఎం.ఎస్.’. అందులోనూ కంప్యూటర్ సైన్సు, అందులోనూ అమెరికా. ఒకప్పుడు ఇంజనీరింగు వాళ్ల ముచ్చటగా ఉన్న ఈ ఆలోచన ఇప్పుడు మా బి.ఎస్సీ. తరగతుల్లోకీ వచ్చి కూర్చుంది. 2024-25లో అమెరికాలో ఉన్న విదేశీ విద్యార్థుల్లో మన దేశం వాళ్లు 3,63,019 మంది. మరే దేశమూ అంతమందిని పంపలేదు.

ఈ విషయం మీద మనకి రెండు రకాల ఉపన్యాసాలు వినిపిస్తాయి. మేధావుల వలస దేశానికి నష్టం అనేది ఒకటి. వెళ్లినవాడే బాగుపడ్డాడు అనేది రెండోది. మొదటి మాట చెప్పేవారి పిల్లలు చాలాసార్లు అమెరికాలోనే ఉంటారు. రెండో మాట చెప్పేవారు చాలాసార్లు కన్సల్టెన్సీ బోర్డు కింద కూర్చుని ఉంటారు. రైతు బిడ్డగా నేను అడగదలచిన ప్రశ్న వేరు. ఈ చదువు ఖరీదు అందరికీ ఒకటేనా?

కాదనే నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

ఫీజు, తిండి, అద్దె, విమానం అన్నీ కలిపి రెండేళ్లకి నలభై లక్షలు అనుకుందాం. పట్నంలో ఉద్యోగం చేసే తండ్రికి ఫ్లాటు ఉంటుంది, జీతం కాగితాలు ఉంటాయి. వాటిని చూసి బ్యాంకు అప్పిస్తుంది. వ్యవసాయ భూమిని విద్యారుణానికి హామీగా తీసుకోడానికి మాత్రం చాలా బ్యాంకులు ముందుకు రావు. బాకీ తీరకపోతే కోర్టుకి పోకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారాన్ని బ్యాంకులకిచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. రైతుని కాపాడే నిబంధనే అది, మంచిదే. కాని ఆ మంచి వల్లనే రైతు కొడుకు బ్యాంకు మెట్లు దిగి వడ్డీవ్యాపారి మెట్లు ఎక్కాల్సి వస్తోంది. ఊళ్లో వడ్డీ నూటికి నెలకి రెండు రూపాయలు. నలభై లక్షలకి నెలకి ఎనభై వేలు!

ఎనభై వేలంటే ఎంతో మా నాయనకి రూపాయల్లో చెప్తే అందదు, పుట్లలో చెప్పాలి. మన జిల్లా పుట్టి 850 కిలోలు. 2025-26కి ఎ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 2,389 రూపాయలు. ఆ లెక్కన పుట్టి ఇరవైవేల మూడొందలు. నెల వడ్డీ దాదాపు నాలుగు పుట్లు, ఏడాది వడ్డీ నలభై ఏడు పుట్ల పైమాటే. మాకున్నది నాలుగెకరాలు. నమ్మకంగా చేతికొచ్చేది ఒక్క పంట. పెన్న నీళ్లు వేళకొచ్చి, తుఫాను చెడగొట్టకుండా ఉంటే పద్నాలుగు పుట్లు పండుతాయి. దుక్కి, నాట్లు, ఎరువు, కోత మిషను ఖర్చులన్నీ అందులోనే. అసలు సంగతి అలా ఉంచండి, వడ్డీకే మాలాంటి మూడు కుటుంబాల పంట చాలదు.

అందుకే ఇళ్లలో ‘అమ్మేద్దాం’ అనే మాట పుడుతుంది. మా ఇంట్లోనూ పుట్టింది. అన్నది మా మేనమామ, నా మేలు కోరే అన్నాడు. ఐతే ఆ నాలుగెకరాలూ మా తాత నుంచి వచ్చినవి. మా చెల్లెలు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నది. పిత్రార్జితంలో కూతురికీ పాలు ఉందని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, 2005లో దేశమంతా ఆ మాటే అన్నది. మరి నా ఎం.ఎస్. కోసం ఆ పిల్ల పాలు కూడా అమ్మొచ్చా అని మా ఇంట్లో ఎవరూ ఆమెని అడగలేదు. మన పల్లెల్లో ఎన్ని ఇళ్లలో అడుగుతున్నారు?

ఇటువంటి జూదం మన తీరానికి కొత్త కాదు. పక్కవాడు తవ్వాడు గనక మనమూ తవ్వుదాం అని 1990ల మొదట్లో వరి మడులు రొయ్యల గుంటలయ్యాయి. టైగరు రొయ్య మొదట్లో బంగారమే పండించింది. 1994లో తెల్లమచ్చల జబ్బు వచ్చి గుంటలకి గుంటలు తుడిచిపెట్టింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు తీరంలో రొయ్యల సాగుని కట్టడి చేసింది. తవ్వినవాడికి అప్పూ, పక్కవాడి మడికి ఉప్పూ మిగిలాయి. 2009 తర్వాత వనామి వచ్చి మళ్లీ ఆశపెట్టింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే ఆ దెబ్బ ఇక్కడ గుంట గట్టున తగిలింది. ఆలోచించండి. మన రొయ్యా, మన పిల్లవాడూ పోయేది ఒక్క మార్కెట్టుకే. అక్కడ పడే ఒక్క సంతకం ఇక్కడి రెండు పంటల్నీ తాకుతుంది.

చదువు ముగిశాక ఒక ఏడాదీ, సైన్సు, ఇంజనీరింగు వాళ్లకి 2016 నిబంధన ప్రకారం ఇంకో రెండేళ్లూ పని అనుమతి. తర్వాత హెచ్-1బి వీసా. దాని కోటా ఏడాదికి 85,000. అందులో 20,000 అక్కడ పై చదువు చదివినవారికి. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడే చదువుకుని వీసా మార్చుకునేవారికి అది వర్తించదని నెల తర్వాత వివరణ ఇచ్చారు. ఆ నెల రోజులూ ఇక్కడ ఎందరు తల్లిదండ్రులకి నిద్ర పట్టలేదో!

వీసా కోసమే చదువు అనుకుంటే ఇంకో ప్రమాదం ఉంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్శిటీ మూతపడినప్పుడు వీధిన పడ్డవాళ్లలో ఎక్కువమంది తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకి రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరిలో మిచిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్శిటీ అసలు యూనివర్శిటీయే కాదు, అమెరికా అధికారులు పన్నిన వల అని బయటపడింది. మొదట పట్టుబడ్డ 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు.

వెళ్లి పేరు తెచ్చుకున్నవాళ్లు లేరా అని మీరు అడగొచ్చు. ఎందుకు లేరు! చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో రైతు ఇంట పుట్టి, శ్రీకాళహస్తి బడిలో చదువుకున్న రాజ్ రెడ్డిగారు తమ ఇంట కాలేజీ గడప తొక్కిన మొదటి వ్యక్తి. గిండీలో 1958లో ఇంజనీరింగు పూర్తిచేసి, ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ యూనివర్శిటీలో 1960లో ఎం.టెక్. చేశారు. కంప్యూటరుతో పరిచయం అక్కడే. కొన్నాళ్లు ఉద్యోగం చేసి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొందారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మొదటి ఆసియా వ్యక్తి ఆయన. 2008లో మన రాష్ట్రంలో పల్లెటూరి పిల్లల కోసం ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు ఆ యూనివర్శిటీకి తొలి ఛాన్సలరుగా వచ్చారు. మనిషి మాటని యంత్రానికి నేర్పడం అనే ఒక్క సమస్య వెంట ఆయన జీవితమంతా నడిచారు. మరి మనలో ఎందరి దగ్గర అలాంటి సమస్య ఒకటుంది?

కాబట్టి విదేశం వద్దని నేననడం లేదు. స్కాలర్‌షిప్పుతో వెళ్లండి. రెండేళ్లు ఉద్యోగం చేసి కూడబెట్టుకుని వెళ్లండి. బోధన ఫీజు లేని ప్రభుత్వ యూనివర్శిటీలు జర్మనీలో చాలా ఉన్నాయి, వాటి వాకబు చెయ్యండి. పొలాన్ని మాత్రం పందెం కాయకండి. ఎంత కరువొచ్చినా విత్తనపు గింజలు వండుకుని తినే రైతు ఉండడు. మనకి పొలం ఆ విత్తనం.

బి.ఎస్సీ. మిత్రులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికాలో చాలా యూనివర్శిటీలు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి. మన రాష్ట్రంలోనూ నాలుగేళ్ల ఆనర్స్ వచ్చింది. మూడేళ్లకే బయటపడి, కన్సల్టెన్సీ చూపించిన ఏదో ఒక చోట పడటం కంటే ఇక్కడ ఇంకో ఏడాది గట్టిగా చదవడం మేలు. మూడో సంవత్సరంలోనే గేట్ రాయొచ్చు. ఎన్.ఐ.టి.ల్లో ఎం.సి.ఎ. కోసం నిమ్‌సెట్ ఉంది, మన రాష్ట్రంలో ఐసెట్ ఉంది. వీటికి ఏ ఎకరమూ తాకట్టు పెట్టనక్కర్లేదు.

అధ్యాపకులకి నా మనవి ఒకటే. మాచేత రికార్డులు రాయించినంత శ్రద్ధగా ప్రోగ్రాములు రాయించండి. విషయం చేతిలో ఉన్నవాడు కన్సల్టెన్సీ గుమ్మంలో నిలబడడు.

పూర్వ విద్యార్థులారా! మీరు పంపే ఫొటోల్లో మంచు ఉంటుంది, కారు ఉంటుంది, అప్పు కాగితం ఉండదు. ఎంత అప్పు చేశారు, ఉద్యోగం ఎన్ని నెలలకి దొరికింది, బాకీ ఎన్నేళ్లకి తీరింది? పేరు లేకపోయినా ఫరవాలేదు, ఈ మూడు ముక్కలూ రాసి పంపండి. విద్యార్థి సంఘం వాటిని ఏటా నోటీసు బోర్డులో పెట్టాలి. నూరు సెమినార్లు చెయ్యని మేలు ఆ ఒక్క కాగితం చేస్తుంది.

నా వరకు నేను నాలుగో ఏడు ఇక్కడే చదవాలని నిశ్చయించుకున్నాను. మా మేనమామకి ఇంకా కోపంగానే ఉంది. వెళ్లాలనుకునే మిత్రులు సంతోషంగా వెళ్లిరండి. వెళ్లేముందు ఒక్క సాయంత్రం మీ నాయన పక్కన కూర్చుని, చెల్లెల్ని కూడా పిలిచి, పుట్లలో లెక్క వెయ్యండి. ఆ లెక్క సరిపోతే మీ ప్రయాణానికి అడ్డేమీ లేదు.