పికప్‌లకు ఎందుకీ మినహాయింపు?

గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళ్లే పికప్ ట్రక్కు సెకనుకు 30 మీటర్లకు పైగా దూరం దాటుతుంది. నిమిషానికి 45 సార్లు ఆడే వైపర్ ఒక్కసారి అటు వెళ్లి ఇటు వచ్చేలోగా బండి 40 మీటర్లు ముందుకు పోతుంది. అన్నీ సక్రమంగా పనిచేస్తున్నప్పటి లెక్క ఇది. జడివానలో ఆ వైపర్ కాస్తా ఆగిపోయి, పక్కనుంచి దూసుకెళ్లే భారీ లారీ ఎగజిమ్మిన బురదనీళ్లు అద్దం నిండా పరచుకుంటే డ్రైవరు కళ్లకు గంతలు కట్టినట్టే. బ్రేకు లోపాన్ని ప్రాణాంతకమనీ, వైపర్ లోపాన్ని చిల్లర మరమ్మతనీ చూసే ధోరణి తయారీ సంస్థల్లోనే కాదు, చట్టంలోనూ ఉంది. పికప్ వాహనాలు అత్యధికంగా అమ్ముడుపోయే అమెరికాలోనే ఈ అలసత్వం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

2022 మార్చిలో ఫోర్డ్ సంస్థ సుమారు ఆరున్నర లక్షల పికప్‌లను, పెద్ద ఎస్‌యూవీలను వెనక్కి పిలిచింది. వైపర్ చేతులు విరిగిపోయే ప్రమాదముందన్నది కారణం. మరుసటి ఏడాది 2021 మోడల్ ఎఫ్-150 ట్రక్కులు 2 లక్షలకు పైగా మళ్లీ షెడ్డు బాట పట్టాయి. ఈసారి లోపం వైపర్ మోటారులో. 2024 జూన్‌లో టెస్లా వంతు వచ్చింది. మార్కెట్లోకి వచ్చి ఏడు నెలలైనా నిండని సైబర్‌ట్రక్కులు 11,688 రీకాల్ అయ్యాయి. మోటారును నియంత్రించే ఎలక్ట్రానిక్ భాగానికి మోతాదు మించి కరెంటు అందడంతో వైపర్ పనిచేయడం మానేయవచ్చని తేలింది. రెండు వైపర్లున్న బండిలో ఒక చేయి విరిగినా రెండోది మిగులుతుంది. నాలుగు అడుగుల పైచిలుకు పొడవున్న ఒకే ఒక్క వైపర్‌ను బిగించుకున్న సైబర్‌ట్రక్కుకు ఆ దిక్కు కూడా లేదు.

నిజానికి వైపర్ అంత సంక్లిష్టమైన యంత్రం కాదు. మోటారు తిప్పే కడ్డీల చివర చిన్న ఇరుసు ఉంటుంది. ఆ ఇరుసు పళ్ల మీద వైపర్ చేతిని కూర్చోబెట్టి నట్టు బిగిస్తారు. పళ్లు అరిగాయంటే లోపల మోటారు తిరుగుతూనే ఉంటుంది, బయట చేయి మాత్రం కదలదు. చలి ప్రాంతాల్లో రాత్రంతా కురిసిన మంచుకు రబ్బరు అద్దానికి అతుక్కుపోతే పొద్దున్నే స్విచ్ వేయగానే ఆ భారమంతా ఈ పళ్ల మీదా మోటారు మీదా పడుతుంది. ఇదంతా ఇంజినీర్లకు దశాబ్దాలుగా తెలిసిన సంగతే. లక్షల డాలర్ల ప్రకటనల్లో కొండలెక్కించి చూపే ట్రక్కుకు వానను తట్టుకునే వైపర్ అమర్చలేకపోవడం సాంకేతిక అసాధ్యం కానే కాదు, శ్రద్ధ లోపం.

కంపెనీల అశ్రద్ధకు చట్టం దన్నుగా నిలవడం ఇంకా విడ్డూరం. అమెరికా ఫెడరల్ వాహన భద్రతా ప్రమాణాల్లో 104వది వైపర్లకు సంబంధించినది. వైపర్‌కు కనీసం రెండు వేగాలు ఉండాలనీ, ఎక్కువ వేగంలో నిమిషానికి 45 సార్లకు తగ్గకుండా ఆడాలనీ అది చెబుతుంది. ఈ నిబంధన కార్లకూ ట్రక్కులకూ ఒక్కటే. అద్దంలో ఎంత భాగం తుడవాలన్న దగ్గరే తిరకాసు. డ్రైవరు చూపును బట్టి అద్దాన్ని మూడు ప్రాంతాలుగా విభజించి, వాటిలో వరుసగా 80, 94, 99 శాతం శుభ్రపడాలని ఆ ప్రమాణం నిర్దేశించింది. కానీ ఈ శాతాలు ప్యాసింజర్ కార్లకే వర్తిస్తాయి. పికప్‌లకూ ఎస్‌యూవీలకూ వర్తించవు. అంటే ట్రక్కు వైపర్ ఎంత వేగంగా ఆడుతోందో చట్టం లెక్కిస్తుంది గానీ, డ్రైవరు కంటి ఎదుట అద్దం ఎంత మేర తుడుచుకుందో పట్టించుకోదు. 1960ల్లో పికప్ అంటే రైతులూ మేస్త్రీలూ వాడుకునే బండి, కుటుంబాలు తిరిగేది కారులో. అప్పటికి ఆ విభజన సబబే కావచ్చు. నేడు అమెరికాలో అమ్ముడవుతున్న కొత్త వాహనాల్లో నాలుగింట మూడొంతులకు పైగా పికప్‌లు, ఎస్‌యూవీలు, వ్యాన్లే. నిబంధన అల్పసంఖ్యాక కార్లను కాపలా కాస్తుంటే, రోడ్డును ఏలే బండ్లు దాని పరిధికి అవతల తిరుగుతున్నాయి.

అద్దం శుభ్రంగా ఉన్నా డ్రైవరుకు ముందున్నదంతా కనబడుతుందన్న నమ్మకం లేదు. పికప్‌ల బానెట్లు ఏటికేడాది ఎత్తు పెరిగి కొన్ని మోడళ్లలో మనిషి ఛాతీ దాకా వచ్చాయి. చిన్న పిల్లవాడు బంపరుకు దగ్గరగా నిలబడితే సీట్లో కూర్చున్నవారి కంటికి ఆనడు. హైవే భద్రతపై బీమా కంపెనీలు నడిపే ఐఐహెచ్‌ఎస్ సంస్థ దాదాపు 18 వేల పాదచారుల ప్రమాదాలను పరిశీలించి 2023లో ఫలితాలు వెల్లడించింది. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన వాహనాలు, 30 అంగుళాలు లేదా అంతకంటే తక్కువ ఎత్తుండి ముందుభాగం వాలుగా ఉన్న వాటి కంటే పాదచారులను బలిగొనే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని అందులో తేలింది. అదే సంస్థ 2025లో ముందువైపు పది మీటర్ల పరిధిలో డ్రైవరుకు ఎంత మేర కనబడుతుందో కొలిచింది. పాత ఎఫ్-150లో 43 శాతం కనబడితే, కొన్ని తరాల తర్వాతి బండిలో అది 36 శాతానికి పడిపోయింది. షెవర్లే సబర్బన్ అనే భారీ ఎస్‌యూవీలో 56 నుంచి ఏకంగా 28కి దిగజారింది. అద్దానికి ఇరువైపులా ఉండే స్తంభాలు లావెక్కడం ఇందుకు మరో కారణం. బండి బోల్తా పడితే పైకప్పు నలగకూడదని 2009లో నిబంధన బిగించడంతో అవి అలా మారాయి. ఆ నిబంధన మంచిదే. దృఢమైన ఉక్కుతో సన్నటి స్తంభాలు తయారుచేయడమూ సాధ్యమే, కాకపోతే ఖర్చవుతుంది.

కెమెరాలున్నాయి కదా అన్నది కంపెనీల జవాబు. వెనుక కెమెరాను 2018 మే నుంచి తేలికపాటి వాహనాలన్నింటికీ తప్పనిసరి చేశారు, మేలు జరిగింది. ముందు కెమెరాకు అలాంటి నిర్బంధం లేదు. పైగా కెమెరా కటకం మీద కురిసేదీ ఆ వానే, చిమ్మేదీ ఆ బురదే. డ్రైవరు నేరుగా ఎంత మేర చూడగలగాలో చెప్పే ప్రమాణం అమెరికాలో నేటికీ లేదు. లండన్ నగరం మాత్రం 12 టన్నులు మించిన లారీలకు ప్రత్యక్ష దృశ్య ప్రమాణాన్ని నిర్ణయించి, సరితూగని వాటికి 2021 నుంచి జరిమానాలు వేస్తోంది. ఒక నగరపాలన చేయగలిగిన పని అమెరికా రవాణా శాఖకు అలవికానిదేమీ కాదు. తుడుపు శాతాలను పికప్‌లకు, ఎస్‌యూవీలకు వర్తింపజేయాలి, బానెట్ ఎత్తుకు హద్దు పెట్టాలి. డాలస్, హ్యూస్టన్ శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా బడికి వెళ్తూ దాటేది ఈ బండ్ల ముందే.

మన దగ్గర పికప్ అంటే బొలెరో, టాటా ఏస్, దోస్త్. వీటికి అమెరికా ట్రక్కుల ఎత్తు లేదు గానీ అద్దం బాధ ఉంది. రోహిణి కార్తె ఎండకు బిర్రబిగిసి అంచులు చిట్లిన రబ్బరు తొలకరిలో నీళ్లను తుడవదు, చారలు గీస్తుంది. దానికి తోడు అద్దం పైభాగాన ఇంటిపేరు స్టిక్కరు, మధ్యలో వేలాడే దండ. 2019 సవరణ చట్టం ఆధారంగా 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలోనూ తప్పనిసరి రీకాల్ అమల్లోకి వచ్చింది. ఏడేళ్లలోపు బండ్లకు అది వర్తిస్తుంది, జరిమానా కోటి రూపాయల దాకా ఉంది. అయితే అందుకు ప్రభుత్వ రీకాల్ పోర్టల్‌లో ఫిర్యాదులు నిర్ణీత సంఖ్య దాటాలి. టమాటా లోడుతో తెల్లారేసరికి మార్కెట్ యార్డు చేరాల్సిన డ్రైవరు దారిలో రబ్బరు మార్పించుకుని పోతాడే తప్ప పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తూ కూర్చోడు. ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారే జరిగే ఫిట్‌నెస్ తనిఖీ, ఒక వేసవికే పాడయ్యే రబ్బరును పట్టుకోలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖలు ఏటా జూన్‌కు ముందే మార్కెట్ యార్డుల వద్ద సరుకు వాహనాల అద్దాల మీద నీళ్లు చల్లి వైపర్లు ఆడించి చూడాలి. లోపమున్న బండ్ల మోడల్ వివరాలను ఆ అధికారులే రీకాల్ పోర్టల్‌లో నమోదు చేయాలి.