గంట లెక్క, ఏడాది లెక్క

గుణకారం ఒప్పయినా జవాబు తప్పడం మీరెప్పుడైనా చూశారా? మా బడిలో అది జరిగింది. తప్పు పిల్లలది కాదు, నాది.

మా హైస్కూలు గుంటూరు వెళ్లే రోడ్డు పక్కనే ఉంది. బడి వేళకు పిల్లలు రోడ్డు దాటాలంటే భయంగా ఉండేది. స్పీడ్‌బ్రేకర్ల కోసం అర్జీ పెడదామని, ఒక సంత రోజున తొమ్మిదో తరగతి వాళ్లచేత ఉదయం 9 నుంచి 10 దాకా వాహనాలు లెక్కపెట్టించాను. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డగీత. అలా గీతలు గీస్తూ లెక్కించారు. 140 వచ్చాయి. 24తో గుణిస్తే రోజుకు 3,360. దాన్ని 365తో గుణిస్తే ఏడాదికి 12,26,400! అంత పెద్ద అంకె చూసి నాకే ముచ్చటేసింది. సంతకం చేసి పంపాను.

ఇంజనీరుగారు చదివి, “మాస్టారూ, రాత్రి రెండు గంటలకు కూడా 140 బళ్లు వస్తాయా?” అన్నారు. అర్జీ అక్కడే ఆగిపోయింది.

కొద్ది రోజులు లెక్కపెట్టి ఏడాది సంగతి చెప్పడమే కాకిలెక్క అని కొందరంటారు. నేనొప్పుకోను. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం గదా! కాకపోతే కుండలో అన్నమంతా ఒకే మంట మీద ఉడుకుతుంది. రోడ్డు అలా కాదు. మా వైపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి బస్తాల లారీలు బారులు తీరతాయి. వానాకాలంలో అవి పలచబడతాయి. అందుకే ఊళ్ల వెలుపలి రోడ్ల కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1972లో ఒక పద్ధతి చెప్పింది. ఏడాదికి కనీసం రెండుసార్లు, ప్రతిసారీ వరుసగా 7 రోజులు, రాత్రింబవళ్లు లెక్కించాలి. ఒకటి పంటలు కోసి అమ్ముకునే రోజుల్లో, రెండోది రద్దీ తక్కువగా ఉన్నప్పుడు.

ఒక్కసారే లెక్కించగలిగితే? ఏడాది పొడవునా లెక్క ఉండే చోటు దగ్గరలో ఏదైనా ఉందేమో చూస్తారు. టోల్‌గేటు అలాంటిదే. అది లేకపోతే పెట్రోలు బంకు అమ్మకాలు చూస్తారు. ఒక బంకులో నెలకు సగటున 80,000 లీటర్లు అమ్ముడుపోతాయనుకుందాం. మార్చిలో మాత్రం 1,00,000 లీటర్లు. నిష్పత్తి 0.8. మార్చి వారంలో రోజుకు సగటున 1,500 వాహనాలు వస్తే, ఏడాది సగటు 1,500 × 0.8 = 1,200 అన్నమాట. ట్రాక్టర్లలో దుక్కికి పోసుకునే డీజిలు కూడా ఆ అమ్మకంలో ఉంటుంది గనుక ఇది ఉజ్జాయింపే.

ఇంతకూ నా అసలు పొరపాటు వేరే ఉంది. రోడ్డు ఎంత వెడల్పుండాలి, ఎంత మందంగా వేయాలి అనే వాళ్లకు ఏడాది సగటు కావాలి. మా పిల్లలకు దానితో పనేమిటి? వాళ్లు రోడ్డు దాటేది అర్ధరాత్రి కాదు, ఆదివారమూ కాదు. వాళ్లకు కావలసింది బడి వేళ లెక్కే. అది చేతిలో ఉండగా దాన్ని గుణించి పాడుచేశాను. సగటు తీస్తే ఆ ఒక్క గంట రద్దీ రాత్రి ఖాళీలో కలిసిపోతుంది.

మళ్లీ లెక్కపెట్టించాను. ఈసారి సోమవారం నుంచి శనివారం దాకా, రోజూ అదే గంట. లారీలు, బస్సులు, మోటారు సైకిళ్లు, ఎడ్లబండ్లు వేరువేరుగా రాశారు. దాటే పిల్లల్ని కూడా లెక్కించారు. దేనినీ దేనితోనూ గుణించలేదు. స్పీడ్‌బ్రేకర్లు ఇంకా పడలేదు గాని, బడి వేళకు ఒక హోంగార్డు వచ్చి నిలబడుతున్నాడు.